ఓ తల్లీ, రేపు రా!

ముప్ఫై ఏళ్ళ క్రితం సంగతి. మన ఊళ్ళలో ఏ వీధిలోకి వెళ్ళినా తలుపుల మీద సుద్దముక్కతోనో బొగ్గుతోనో "ఓ స్త్రీ రేపు రా" అని రాసుండేది, గుర్తుందా? రాత్రిళ్ళు తిరిగే ఆడదెయ్యం ఒకటి తలుపు తట్టబోయి, ఆ రాత చదువుకుని, "సర్లే, రేపొద్దాం" అనుకుని వెనక్కి తిరిగేదట. మర్నాడు వస్తే మళ్ళీ అదే రాత. పాపం, ఆ దెయ్యానికి చదువొచ్చు, క్రమశిక్షణ ఉంది, లేనిదల్లా లౌక్యమే.

ఆ ఉపాయం కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, తర్వాత ఆస్ట్రేలియాకు వలస వచ్చి కాన్‌బెర్రాలో వీసాల వాళ్ళ దగ్గర ఉద్యోగంలో చేరాడని నా గట్టి అనుమానం. లేకపోతే తల్లిదండ్రుల వీసా ఇలా తయారయ్యేది కాదు.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. ఇక్కడ స్థిరపడ్డ పిల్లలు అమ్మానాన్నల్ని శాశ్వతంగా తెచ్చుకోవడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. తిరుమల వెళ్ళినవాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. ఒకటి ధర్మదర్శనం. దరఖాస్తుకు 5 వేల డాలర్ల పైచిలుకు కట్టి నిలబడాలి. ఎంతసేపు? ఇమ్మిగ్రేషన్ శాఖ వారు స్వయంగా చెప్పే లెక్క ప్రకారమే ముప్ఫై ఏళ్ళు దాటుతుంది. రెండోది స్పెషల్ దర్శనం. దీన్ని కాంట్రిబ్యూటరీ వీసా అంటారు. మనిషికి దాదాపు 48 వేల డాలర్లు. 2003లో ఇది మొదలుపెట్టిన కొత్తల్లో రెండు మూడేళ్ళలో పనయ్యేది. ఇప్పుడు ఈ స్పెషల్ క్యూ కూడా పదేళ్ళకు పైమాటే. తిరుమల కంపార్ట్‌మెంటులో కూర్చోబెడితే కనీసం పాలూ, ఉప్మా పెడతారు. ఇక్కడ అదీ లేదు.

డెబ్బై ఏళ్ళ తల్లి చేత ఇవాళ ధర్మదర్శనం టికెట్టు కొనిపించామనుకోండి. వీసా ఎప్పుడొస్తుంది? అక్షరాలా నూరేళ్ళు నిండాక. ఇందులో ఇంకో చమత్కారం ఉంది. వీసా ఇచ్చే ముందు ఆరోగ్య పరీక్ష చేస్తారు. అదీ దరఖాస్తు పెట్టినప్పుడు కాదు, క్యూ చివరికొచ్చాక. అంటే నూరేళ్ళ ముసలావిడ ఎక్స్‌రే తీయించుకుని, రక్తపరీక్ష చేయించుకుని, ఈ దేశపు ఆస్పత్రులకు తనవల్ల పెద్ద ఖర్చేమీ ఉండదని రుజువు చేసుకోవాలన్నమాట. చేసుకుంటే, శాశ్వత నివాసం!

ఇదంతా నవ్వులాటగా రాస్తున్నాను గానీ, 2023లో మార్టిన్ పార్కిన్సన్ నాయకత్వంలో వలస విధానాన్ని మొత్తం సమీక్షించిన సంఘం ఈ మాటే సీరియస్‌గా చెప్పింది. ఎప్పటికీ రాని వీసాకు దరఖాస్తు పెట్టుకోనివ్వడం క్రూరమూ, అనవసరమూ అని. ప్రభుత్వం తానే వేసిన సంఘం తన మొహం మీదే అన్న మాట అది. అప్పటికి క్యూలో లక్ష మందికి పైగా ఉన్నారు. ఏటా ఇచ్చేవి 8,500 వీసాలు. అందులోనూ సింహభాగం స్పెషల్ దర్శనం వాళ్ళకే. ఆ రిపోర్టు వచ్చాక ఏమైందంటారా? ఏమీ కాలేదు. రిపోర్టు కూడా క్యూలో ఉన్నట్టుంది.

సరే, క్యూ సంగతి అలా ఉంచితే, అసలు క్యూలో నిలబడే అర్హత కోసం ఒక పరీక్ష ఉంది. దాని పేరు కుటుంబ సమతూకం పరీక్ష. ఆ పెద్దవాళ్ళకున్న పిల్లల్లో సగం మందైనా ఆస్ట్రేలియాలో స్థిరపడి ఉండాలి. లేదా మిగతా ఏ ఒక్క దేశంలో కంటే ఇక్కడ ఎక్కువమంది ఉండాలి. ఇది వినగానే మా ఇంట్లో నిశ్శబ్దం అలుముకుంది. ఎందుకంటే మా ఆవిడ వాళ్ళు ఇద్దరు. తను సిడ్నీలో, తమ్ముడు హైదరాబాదులో. సగానికి సగం, పాస్! మేము ముగ్గురం. అన్నయ్య డాలస్‌లో, చెల్లెలు హైదరాబాదులో, నేను ఇక్కడ తూంగాబీలో. మూడు దేశాలు, దేశానికొకళ్ళు. సగం లేము, ఎక్కువా లేము. ఫెయిల్!

అంటే ఏమిటన్నమాట? ఆ రోజుల్లో ఎర్ర త్రికోణం బొమ్మ చూపించి 'ఇద్దరు చాలు' అని ప్రభుత్వం ఊరూరా గోడల మీద రాయించింది కదా, ఆ మాట విన్నవాళ్ళు నలభై ఏళ్ళ తర్వాత ఆస్ట్రేలియా పరీక్ష పాసయ్యారు. వినని మా అమ్మానాన్నలు తప్పారు. మా మావగారు ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ కుటుంబ నియంత్రణ గురించి మాట్లాడేటప్పుడు నావైపు చూడరు. సంస్కారం గల మనిషి.

పాసైనా ఫెయిలైనా పెద్దవాళ్ళు వస్తూనే ఉన్నారు, పోతూనే ఉన్నారు. ఎక్కువమంది విజిటర్ వీసా మీద. కొందరికి మూడు నెలలు, కొందరికి ఆరు, కొందరికి ఏడాది. క్యూలో నిలబడ్డవాళ్ళకి ఒక ప్రసాదం దొరుకుతుంది: మూడేళ్ళో ఐదేళ్ళో చెల్లే విజిటర్ వీసా. దాంతో 18 నెలల్లో 12 నెలలకు మించకుండా ఇక్కడ ఉండొచ్చు. కాబట్టి చాలామంది 5 వేల డాలర్లు కట్టేది ముప్ఫై ఏళ్ళ తర్వాత వచ్చే వీసా కోసం కాదు, ఈ ప్రసాదం కోసం. మా వాళ్ళు పరీక్షే తప్పారు గనక వాళ్ళకి ఆ ప్రసాదమూ లేదు.

ఈ రాకపోకల్ని మన తెలుగిళ్ళలో చూస్తే రిలే పందెం గుర్తొస్తుంది. బిడ్డ పుట్టే నెలకి ఆడపిల్ల తల్లి దిగుతుంది. ఆవిడ వీసా అయిపోయే వారంలో మగపిల్లాడి తల్లి దిగుతుంది. ఎయిర్‌పోర్టులో ఒకావిడ లోపలికి, ఒకావిడ బయటికి. మధ్యలో బిడ్డ చేతులు మారుతుంది. అలా రెండేళ్ళు లాగించేస్తే బిడ్డ చైల్డ్‌కేర్‌కి వెళ్ళే వయసొస్తుంది. ఇందులో ప్రేమ లేదనను. లెక్క కూడా ఉంది. ఇక్కడ చైల్డ్‌కేర్ రోజుకి 150 డాలర్ల చుట్టుపక్కల పడుతుంది. వారానికి ఐదు రోజులు, ఏడాదికి 48 వారాలు వేసుకోండి, 36 వేల డాలర్లు. ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది నిజమే, కానీ ఆ సబ్సిడీ ప్రభుత్వం జేబులోంచేగా రావాలి! మా అత్తగారు బిడ్డకి నలుగుపెట్టి, లాలపోసి, సాంబ్రాణి పొగవేసి పడుకోబెట్టిన ప్రతిరోజూ ఆస్ట్రేలియా ఖజానాకి కొంత మిగిలింది. ఆవిడకా సంగతి తెలియదు. ఖజానాకీ తెలియదు.

ఇక్కడ ఎదుటి పక్షం వాదన కూడా చెప్పాలి, ఏమాటకామాటే. 2016లో ప్రొడక్టివిటీ కమిషన్ వారు వలసల మీద ఒక పెద్ద రిపోర్టు ఇచ్చారు. శాశ్వత వీసా మీద వచ్చే ఒక్కొక్క తల్లికీ తండ్రికీ జీవితకాలంలో ఈ దేశపు పన్ను కట్టేవాళ్ళ మీద పడే నికర భారం 3 లక్షల 35 వేల నుంచి 4 లక్షల 10 వేల డాలర్ల దాకా ఉంటుందని అందులో లెక్క తేల్చారు. ఆస్పత్రి, మందులు, వృద్ధుల సంరక్షణ, పెన్షన్ అన్నీ కలిపి. దాని ముందు మనం కట్టే 48 వేలు ఏమూలకి? ఈ లెక్క తప్పని నేను కొట్టిపారెయ్యను. ముసలితనం ఖరీదైన వ్యవహారమే. మోకాలి చిప్పల ఆపరేషన్ కోసం ప్రభుత్వాసుపత్రుల్లో ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్ళే నెలల తరబడి ఎదురుచూస్తున్నారు. "మా పెద్దవాళ్ళకే దిక్కులేదు, మీవాళ్ళనీ చూడమంటారా?" అని ఒక ఆస్ట్రేలియన్ అడిగితే అది జాత్యహంకారం కాదు, న్యాయమైన ప్రశ్న.

కాకపోతే ఆ ప్రశ్నకి జవాబు "కుదరదు" అని మర్యాదగా చెప్పడం. 5 వేల డాలర్లు పుచ్చుకుని "రేపు రా" అనడం కాదు. ఒకసారి 'కుదరదు' అనే ప్రయత్నం కూడా జరిగింది. 2014 జూన్‌లో అబాట్ ప్రభుత్వం ధర్మదర్శనం క్యూని ఎత్తేసింది. సెప్టెంబరులో సెనేట్ ఆ నిర్ణయాన్ని కొట్టేసి మళ్ళీ తెరిపించింది. అందరూ సంతోషించారు. తలుపు తెరుచుకుంది, తలుపు మీద రాత మాత్రం అలాగే ఉంది.

ఎన్నికలొస్తే మాత్రం మన పెద్దవాళ్ళకి ఎక్కడలేని గౌరవమూ వస్తుంది. ఇక్కడ ఓటు వెయ్యడం తప్పనిసరి అని మీకు తెలుసు. వెయ్యకపోతే 20 డాలర్ల జరిమానా. ఆ భయంతో శనివారం పొద్దున్నే బడికెళ్ళి, రొట్టెలో చుట్టిన సాసేజ్ వాసన పీలుస్తూ లైన్లో నిలబడతాం. (మా ఆవిడ లాంటి శాకాహారుల ప్రజాస్వామ్యం వేయించిన ఉల్లిపాయలతో సరిపెట్టుకోవాలి.) 2016 ఎన్నికల్లో లిబరల్, నేషనల్ కూటమి వాళ్ళు తల్లిదండ్రులకి ఐదేళ్ళ వీసా ఇస్తామన్నారు. ఆ మాట వీసాగా మారేసరికి 2019 అయింది. దాని నంబరు 870. మూడేళ్ళకి 5 వేలు, ఐదేళ్ళకి 10 వేల డాలర్లు, అవి తర్వాత పెరుగుతూ వచ్చాయి. ఏడాదికి 15 వేల మందికే. స్పాన్సర్ చేసే ఇంటి ఆదాయం 83 వేల డాలర్ల పైన ఉండాలి. మెడికేర్ ఉండదు, ఇన్సూరెన్స్ కొనుక్కోవాలి. ఎన్నిసార్లు తీసుకున్నా మొత్తం కలిపి పదేళ్ళు మించదు. ఇందులో ఆ సమతూకం పరీక్ష లేదు. అది విని నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత చిన్నక్షరాల్లో ఇంకో ముక్క కనపడింది. ఒక ఇంటికి ఒకేసారి ఇద్దరినే స్పాన్సర్ చెయ్యనిస్తారు.

ఇద్దరంటే ఇద్దరే. మా అమ్మానాన్నా? వాళ్ళ అమ్మానాన్నా? ఆస్ట్రేలియా ప్రభుత్వం ఎంతో ఆలోచించి, ఒక్క రూలుతో ప్రతి భారతీయ కుటుంబంలోనూ ఒక మహాభారతానికి ముహూర్తం పెట్టింది. 2019 ఏప్రిల్‌లో లేబర్ పార్టీ నాయకుడు బిల్ షార్టెన్ సరిగ్గా ఈ నొప్పి మీదే చెయ్యి వేశాడు. తాము గెలిస్తే ఇరువైపుల వాళ్ళనీ రానిస్తామనీ, లెక్కకి పరిమితి ఉండదనీ, ఖర్చు పావు వంతు చేసి మూడేళ్ళకి 1,250, ఐదేళ్ళకి 2,500 డాలర్లే తీసుకుంటామనీ అన్నాడు. మా ఇంట్లో ఆ సాయంత్రం పాయసం చేశారు. మేలో ఆయన ఓడిపోయాడు. తర్వాత 2022లో లేబర్ గెలిచింది, 2025 మేలో ఇంకా పెద్దగా 94 సీట్లతో గెలిచింది. ఆ వాగ్దానం మాత్రం షార్టెన్‌తో పాటే ఓడిపోయినట్టుంది, మళ్ళీ కనపడలేదు.

ఇవన్నీ డబ్బుకీ, ఓపికకీ సంబంధించిన బాధలు. భరించొచ్చు. భరించలేనిది ఒకటి జరిగింది, దాన్ని మనవాళ్ళు అప్పుడే మర్చిపోతున్నారు. 2020 మార్చి 20న కరోనా కోసం ఈ దేశం సరిహద్దులు మూసేసింది. పౌరుల దగ్గరి కుటుంబ సభ్యులకి మినహాయింపు ఉంది. దగ్గరి కుటుంబం అంటే భార్య, భర్త, పిల్లలు. అమ్మా నాన్నా ఆ జాబితాలో లేరు. 2021 నవంబరు 1 దాకా, అంటే పంతొమ్మిది నెలలకు పైగా, ఆస్ట్రేలియా చట్టం దృష్టిలో మనల్ని కన్నవాళ్ళు మనకి దగ్గరివాళ్ళు కాదు. మధ్యలో 2021 ఏప్రిల్ ఆఖర్న ఇండియాలో రెండో వేవ్ శవాల గుట్టలు లేపుతున్నప్పుడు, అక్కడి నుంచి వచ్చే విమానాల్ని ఆపేశారు. మే 3 నుంచి ఇండియాలో ఉండి తిరిగొచ్చే పౌరులకి సైతం ఐదేళ్ళ దాకా జైలు, 66 వేల డాలర్ల జరిమానా అన్నారు. సొంత పౌరులకి! మే 15 దాకా నడిచిందా ముచ్చట.

ఆ మే నెలలోనే మా వీధిలో ఒకాయన తండ్రి విజయవాడలో పోయారు. ఈయన ఒక్కడే కొడుకు. ఇక్కడ గరాజ్‌లో కారు బయటపెట్టి, ఫోను ఒక పెయింటు డబ్బాకి ఆనించి, చెల్లెలి భర్త చేత తలకొరివి పెట్టిస్తూ అంతా చూశాడు. మధ్యలో నెట్ రెండుసార్లు ఆగింది. మేం నలుగురం గరాజ్ బయట మాస్కులు పెట్టుకుని దూరం దూరంగా నిలబడ్డాం. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఎదురింటి మాల్టా ముసలావిడ, ఎవరు చెప్పారో గానీ, గేటు దగ్గర ఒక గిన్నె నిండా సూపు పెట్టి వెళ్ళింది. అందులో మాంసం ఉందేమోనని ఎవరం తినలేదు. గిన్నె కడిగి, నిమ్మకాయలు వేసి తిరిగిచ్చాం.

ఆ ముసలావిడ గురించి ఇంకొంచెం చెప్పాలి. ఆవిడ ఈ దేశానికి 1960లలో ఓడ మీద వచ్చిందట. తర్వాత కొన్నేళ్ళకి వాళ్ళమ్మనీ తెచ్చుకుంది. మా అమ్మ వచ్చినప్పుడల్లా వీళ్ళిద్దరికీ కంచె దగ్గర భేటీ జరుగుతుంది. అమ్మ తెలుగులో మాట్లాడుతుంది, ఆవిడ మాల్టీస్‌లో జవాబు చెబుతుంది. అరగంట. నేను పక్కనుండి ఇంగ్లీషులోకి మార్చబోతే ఇద్దరూ నన్ను వెళ్ళిపొమ్మన్నట్టు చూస్తారు. డిసెంబరు ఎండల్లో మా పెరట్లో గోంగూర ఏపుగా పెరుగుతుంది, అటునించి నిమ్మకాయలు వస్తాయి, ఇటునించి గోంగూర పోతుంది. ఆవిడ దాన్ని ఏం చేసుకుంటుందో ఇప్పటికీ రహస్యమే.

ఇక 2025 ఆగస్టు 31. చలికాలం ఆఖరి రోజు, ఆదివారం. మూకుమ్మడి వలసలు ఆపాలంటూ సిడ్నీ, మెల్‌బోర్న్ లాంటి నగరాలన్నిటిలో 'మార్చ్ ఫర్ ఆస్ట్రేలియా' పేరుతో ఊరేగింపులు జరిగాయి. వాటి ప్రచార కాగితాల్లో మన ఇండియన్ల ప్రస్తావన పేరు పెట్టి మరీ ఉంది. ఐదేళ్ళలో వచ్చిన మనవాళ్ళ సంఖ్యని నూరేళ్ళలో వచ్చిన గ్రీకులు, ఇటాలియన్లతో పోల్చారు. ప్రభుత్వం ఖండించింది. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం రెండు రోజుల ముందే హడావిడి మొదలైంది: "ఎవరూ బయటికెళ్ళకండి", "రైలెక్కకండి", "చీర కట్టుకుని పార్కుకి పంపకండి". అప్పుడు మా అత్తగారూ మావగారూ ఇక్కడే ఉన్నారు. మావగారు రిటైర్డ్ లెక్కల మాస్టారు. పేపరంతా చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని అడిగారు:

"అల్లుడుగారూ, వీళ్ళు వద్దంటున్నది నన్నా, మిమ్మల్నా?"

"అందర్నీ కలిపేనండీ."

"నేనెటూ మార్చిలో వెళ్ళిపోయేవాణ్ణేగా. ఈ నాలుగు రోజులకి ఊరేగింపెందుకు?"

అని, స్వెట్టరేసుకుని, మఫ్లరు చుట్టుకుని రోజూ వెళ్ళే టైముకే పార్కుకి వెళ్ళిపోయారు. మా ఆవిడ కంగారుపడి నన్ను వెనకాలే పంపించింది. అక్కడ బెంచీ మీద రోజూ కూర్చునే ఐదుగురూ ఉన్నారు. ఒక పంజాబీ సర్దార్జీ, ఇద్దరు గుజరాతీలు, ఒక తమిళాయన, మావగారు. ఎవరూ ఊరేగింపు గురించి మాట్లాడుకోవడం లేదు. వచ్చే వారం పసుపు మూత డబ్బా బయటపెట్టాలా, ఆకుపచ్చ మూతదా అని వాదించుకుంటున్నారు. ఎర్రమూత డబ్బా ప్రతివారం, మిగతా రెండూ వారం మార్చి వారం. మా కౌన్సిల్లో ఈ శాస్త్రం క్షుణ్ణంగా తెలిసినవాళ్ళు వీసాల మీద వచ్చిన ముసలాళ్ళే. మా వీధిలో ఆస్ట్రేలియన్లు కూడా మావగారు ఏ డబ్బా బయటపెట్టారో చూసి పెడతారు.

ఆ వారంలోనే ఒక సెనేటర్ టీవీలో, లేబర్ పార్టీకి ఓట్లేస్తారనే ఇండియన్లని రప్పిస్తున్నారన్న అర్థం వచ్చేలా మాట్లాడి, ఆ రగడ ముదిరి పది రోజులు తిరక్కుండా షాడో మంత్రి పదవి పోగొట్టుకున్నారు. అప్పటి ప్రతిపక్ష నాయకురాలు సుసాన్ లే భారతీయులకి క్షమాపణ కూడా చెప్పారు. మంచిదే. కానీ మావగారి బెంచీ మీది ఐదుగురికీ కలిపి ఈ దేశంలో ఒక్క ఓటు కూడా లేదు. ఆ సంగతి అటువాళ్ళూ చెప్పలేదు, ఇటువాళ్ళూ చెప్పలేదు. 2022-23లో నికర వలస 5 లక్షలు దాటిందని కోపం. అందులో ఎక్కువభాగం విద్యార్థులూ, తాత్కాలిక ఉద్యోగులూ. శాశ్వత వలసలకు పెట్టుకున్న ఏడాది లెక్క 1 లక్షా 85 వేలు, అందులో అమ్మానాన్నలు 8,500. నూటికి ఐదుగురు కూడా కాదు. ఇళ్ళ అద్దెలు పెరిగింది వీళ్ళవల్ల కాదు. వీళ్ళకి విడిగా ఇల్లెందుకు? మనవరాలి గదిలో, బొమ్మల మధ్య ఒక మంచం.

లెక్కల మాటొచ్చింది గనక ఇంకొకటి. 2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాసినవాళ్ళు దాదాపు 59 వేల మంది. 2016లో 34 వేల చిల్లర. ఇంత వేగంగా పెరిగిందని మన సంఘాలన్నీ జబ్బలు చరుచుకున్నాయి, నేనూ చరుచుకున్నాను. కానీ ఈ పట్టికల్లో కొద్దికాలానికి చూడ్డానికి వచ్చిన విదేశీయుల్ని పక్కన పెట్టేస్తారు. అంటే మా ఇంట్లో నిజంగా రోజంతా తెలుగు మాట్లాడే మనుషులే ఆ లెక్కలో ఉండరు. తెలుగు ఖాతాలో పడింది నేనూ, మా ఆవిడా, మా అమ్మాయీను. మా అమ్మాయి మాటల్లో "అమ్మమ్మా, హంగ్రీ" లాంటివే ఎక్కువ. అమ్మమ్మ ఉన్న ఏడాదిలో అది "అమ్మమ్మా, ఆకలేస్తోంది" దాకా వచ్చింది. ఆవిడ విమానం ఎక్కిన నెలకి మళ్ళీ మొదటికొచ్చింది. ఎన్ని తెలుగు బడులు పెట్టినా, శనివారం రెండు గంటల బడి ఒక అమ్మమ్మకి సాటిరాదు. బడి నడిపే వాళ్ళలో నేనూ ఒకణ్ణి గనక ధైర్యంగా అంటున్నాను.

2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ళ లోపు పిల్లలకి సోషల్ మీడియా బంద్ అయింది కదా, అందులోనూ మా ఇంట్లో పెద్దవాళ్ళ పాత్ర ఉంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, యూట్యూబ్ అన్నీ ఖాతాలు మూయించాయి. వాట్సాప్‌ని మాత్రం వదిలేశారు. మా అమ్మాయికి పద్నాలుగు. ఆ నిషేధం దెబ్బకి ఇప్పుడు దాని ఫోనులో మిగిలిన ఏకైక ప్రపంచం కుటుంబ వాట్సాప్ గ్రూపు. అందులో తెనాలి నుంచి మా అమ్మ పంపే గుడ్ మార్నింగ్ గులాబీలు, చిట్కా వైద్యాలు, ఏకాదశి ఎప్పుడో చెప్పే వాయిస్ మెసేజులు. ఆస్ట్రేలియా పార్లమెంటు ఆ పిల్లని తీసుకెళ్ళి నేరుగా నాన్నమ్మ ఒళ్ళో కూర్చోబెట్టింది. నాన్నమ్మనే రానివ్వడం లేదు.

ఇంతకీ పెద్దవాళ్ళకి ఇక్కడ ఉండిపోవాలని ఉందా అని ఎవరైనా అడిగారా? మా అమ్మకైతే లేదు. ఏడాదిలో ఏడో నెలకల్లా ఆవిడకి తెనాలి మీద గాలి మళ్ళుతుంది. అందరూ ఆఫీసులకి పోయాక ఇల్లు నిశ్శబ్దం, బస్సు అరగంటకొకటి, పక్కవాళ్ళ తలుపులు మూసే ఉంటాయి. "ఇక్కడ కాకి కూడా కాకిలా అరవదురా, పసిపిల్ల ఏడ్చినట్టు ఏడుస్తుంది" అంటుంది. నిజమే, ఇక్కడి కాకి గొంతు అంతే. ఉగాదికి వేపపువ్వు ఉండదు, సంక్రాంతికి చలి ఉండదు. ఆవిడకి కావలసింది పెన్షన్ కాదు, మెడికేర్ కాదు, శాశ్వత నివాసం అసలే కాదు. మనవరాలికి జ్వరం అని తెలిస్తే వచ్చే వారం విమానం ఎక్కగలగడం. ఇన్సూరెన్స్ డబ్బు మేమే కడతాం, పోయేటప్పుడు టికెట్టూ మేమే కొంటాం. ఇంత చిన్న కోరికకి సరిపడే తలుపు ఒకటి పెడితే ముప్ఫై ఏళ్ళ క్యూలో సగం మంది రేపే ఇంటికెళ్ళిపోతారని నా నమ్మకం. ఇప్పుడున్నది ఒకటే బేరం. శాశ్వతంగా ఉంటామని అబద్ధం చెప్పి క్యూలో నిలబడు, లేదా మూడు నెలలకి వచ్చి పో.

వేరే దేశాలు ఇది చెయ్యలేదా అంటే చేశాయి. అమెరికా పౌరుల తల్లిదండ్రులకి క్యూయే లేదు, అన్నయ్య ఫోన్ చేసినప్పుడల్లా గుర్తుచేస్తాడు. కెనడాలో శాశ్వత వీసాకి లాటరీ తీస్తూ వచ్చారు. అది కాక, 2011 చివర్లోనే సూపర్ వీసా పెట్టారు. పదేళ్ళు చెల్లుతుంది, 2022 జూలై నుంచి ఒక్కసారి వస్తే ఐదేళ్ళు ఉండనిస్తున్నారు. ఇన్సూరెన్స్ మనదే. మంచుదేశం వాళ్ళకి వచ్చిన ఆలోచన ఎండదేశం వాళ్ళకి రాలేదు. న్యూజిలాండ్ కూడా 2025 సెప్టెంబరు నెలాఖరు నుంచి పేరెంట్ బూస్ట్ అని ఐదేళ్ళ వీసా మొదలుపెట్టింది, ఇంకో ఐదేళ్ళు పొడిగించుకోవచ్చు.

ఈ న్యూజిలాండ్ కబురు మొన్న ఫోన్లో అమ్మకి చెప్పాను.

"అది మీకు దగ్గరేగా?" అంది.

"విమానంలో మూడు గంటలమ్మా."

"తెనాలి నుంచి హైదరాబాదు రైల్లో అంతకంటే ఎక్కువే పడుతుంది కదరా. మేం అక్కడ దిగుతాం, మీరే శనాదివారాలు వచ్చి చూసి పొండి."

"కుదరదమ్మా. ఆ దేశంలో పిల్లలున్న వాళ్ళకే ఇస్తారు."

అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వెనక్కి తిరిగి నాన్నతో అనడం వినిపించింది:

"విన్నారా? ముగ్గుర్ని కన్నందుకు ఆస్ట్రేలియాలో తప్పామా, ఇంకొకణ్ణి కని న్యూజిలాండ్ పంపనందుకు అక్కడా తప్పామట."